ఒకే గీత మీద కళ్ళు

నార్కట్‌పల్లి చౌరస్తాలో అక్క ఫ్లెక్సీ కనబడగానే నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

నల్లగొండ నుంచి హైదరాబాద్ బస్సులో పోతున్నాను. కిటికీ పక్క సీటు. బస్సు మలుపు తిరుగుతుంటే రెండు ఇనుప స్తంభాల మధ్య కట్టిన పెద్ద ఫ్లెక్సీ ఎదురైంది. పై వరుసలో మండలం నాయకులు, తెల్ల చొక్కాలు, మెడలో కండువాలు, అందరూ నవ్వుతూ ఉన్నారు. కింద ఎడమ మూలన, గుండ్రటి పూలదండ బొమ్మలో, ఒక ఆడమనిషి మొహం. పక్కన ‘ప్రభువునందు నిద్రించినారు’ అని రాశారు. ఆ గుండ్రాన్ని నింపడానికి మొహాన్ని అటూ ఇటూ పట్టి గుంజారు. చెంపలు పక్కలకు పోయి, ముక్కు చదునై, ఎవరో వేరే మనిషిలా ఉంది. కింద పేరు చదివితే గానీ నేను గుర్తుపట్టలేదు.

అక్క చనిపోయిందని నాకు తెలిసింది అట్లా. జీవితంలో ఒక్క ఫొటోను కూడా పక్కలు పట్టి గుంజని మనిషిని, చచ్చిపోయాక పక్కలు పట్టి గుంజారు. ఏ దుకాణం పనో ఫ్లెక్సీ అడుగున ఫోన్ నంబర్ చూడకముందే నాకు తెలుసు. హైదరాబాద్ పని హైదరాబాద్‌లోనే ఉంటుందనుకుని బస్టాండులో దిగిపోయాను.

ఆమె పేరు నేను ఇక్కడ రాయను. తను చేసిన పని దేని మీదా ఆమె పేరు పడలేదు. ఈ నాలుగు ముక్కల మీద మాత్రం ఎందుకు.

డిగ్రీ అయ్యాక పని నేర్చుకుందామని నేను నార్కట్‌పల్లిలో ఒక ఫ్లెక్సీ దుకాణంలో చేరాను. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, వెనక గదిలో ప్రింటింగ్ మిషన్. యజమానిని అందరూ సేటు అనేవాళ్ళు. రంగు వాసనకు మొదటి వారం నాకు తలనొప్పి తగ్గలేదు. పెద్ద కంప్యూటర్ ముందు కూర్చునే ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. నలభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. తల్లిదండ్రులు ఇతరుల పొలాల్లో కూలి చేసి చదివించారు. ఆదివారం పొద్దున చర్చికి పోయి అటునుంచే దుకాణానికి వచ్చేది. సీటులోంచి లేస్తే మౌస్ మీద చేతిరుమాలు కప్పి పోయేది. దాని అర్థం ఎవరూ ముట్టుకోవద్దని. సేటు కూడా ముట్టుకునేవాడు కాదు.

మంచి మనిషి అని మాత్రం నేను అనను. నోరు చెడ్డది, గర్వం ఎక్కువ. వచ్చినవాళ్ళ మొహాల్లోకి ఒక కన్ను మూసి చూసేది. వాళ్ళు పోయాక, ‘గాయిన ఎడమ కన్ను జర కిందికున్నది, తల కొద్దిగ తిప్పితె సరిపోతది’ అనేది. మొహం తెల్లగా చెయ్యమని అడగని గిరాకీ ఉండడు మా పనిలో. అక్కను అడిగితే ఒకటే జవాబు. ‘తెలుపు కావాల్నంటె సున్నం డబ్బ కొనుక్కపో, ఇంట్ల పూసుకో.’ సోంపు నములుతూ, తెర మీదనుంచి చూపు తిప్పకుండా అనేది. గిరాకీ సేటు వైపు చూసేవాడు, సేటు నవ్వి చాయ్ తెప్పించేవాడు. ఆమె చేసిన ఫ్లెక్సీ కోసం సూర్యాపేట దాకా జనం వచ్చేవాళ్ళు కాబట్టి ఆ నోటిని భరించాడు.

నాకు నేర్పిన పద్ధతి కూడా తిట్లతోనే. తప్పు చేస్తే పెన్ను మూతతో నా వేళ్ళ మీద కొట్టేది. మొదటి రోజు నేను ఒక ముసలాయన ఫొటోను పెద్దది చెయ్యబోయి, పక్కనున్న చుక్కను పట్టుకుని లాగాను. మూత పడింది.

“నడుం పట్టుకొని గుంజుతవా మనిషిని? మూల పట్టుకో. మూల పట్టి గుంజితె పొడుగు, అడ్డం రెండు కల్సి పెరుగుతయి. పక్కలు పట్టి గుంజితె మనిషి మారిపోతడు.”

ఇంకోసారి, చనిపోయినవాళ్ళ ఫొటో ఒకటి స్కాన్ చేసి, సరాసరి దాని మీదే మచ్చలు చెరపడం మొదలుపెట్టాను. మళ్ళీ మూత.

“మొదలు నకలు తీయ్. కంట్రోల్ జె కొట్టు. అసలుది అడుగున పండుకోనియ్యి, దాన్ని ముట్టకు. నువ్వు చేసే ఆగమంతా నకలు మీద చెయ్యి. గాళ్ళ ఇంట్ల ఆ ముసలామె ఫొటో గిదొక్కటే ఉండొచ్చు.”

అన్నిటికంటే ఎక్కువసార్లు నేను విన్న మాట, ‘కోయకు, కప్పు’. గుంపు ఫొటోలోంచి ఒక మనిషిని విడదీయాలంటే కొత్తవాళ్ళు రబ్బరు లాంటి పనిముట్టుతో చుట్టూ చెరిపేస్తారు. అక్క చెరపనిచ్చేది కాదు. ఫొటో మీద మాస్క్ అనే ఒక పొర వేసి, వద్దనుకున్న చోట నల్లరంగు పూయమనేది. నల్లరంగు పూసిన చోట మనిషి కనబడడు. తెల్లరంగు పూస్తే మళ్ళీ వస్తాడు. “తుడిచినవంటె పోయినోడు పోయినట్టె. కప్పితె ఎప్పుడన్న బయటికి తియ్యొచ్చు” అనేది. మా దుకాణంలో అది రోజూ పనికొచ్చే విద్య. ఈ వారం అన్నతో కొట్లాడి ఫ్లెక్సీలోంచి పోయిన తమ్ముడు వచ్చే నెల కండువా మార్చుకుని మళ్ళీ అన్న పక్కకే వచ్చేవాడు. నల్లరంగు కింద దాక్కుని మళ్ళీ బయటికి వచ్చిన నాయకులు మా కంప్యూటర్‌లో ఎందరో ఉన్నారు.

పని అయ్యాక అక్క తెర మీది బొమ్మను చిన్నగా, ఇంకా చిన్నగా, అగ్గిపెట్టె అంత చేసి కుర్చీని వెనక్కి జరిపి చూసేది. “ఫ్లెక్సీ చూసేటోడు కుర్చీల కూసోడు పిల్లా. బస్సుల పోతడు. బస్సు మలుపు తిరిగే లోపల ఆని కంట్ల ఏం పడ్డది? గదే నీ ఫ్లెక్సీ. మిగిలిందంతా తీసెయ్.” పూలు, పావురాలు, మెరుపులు అన్నీ తీయించేది. గిరాకీలు అడిగి మళ్ళీ పెట్టించుకునేవాళ్ళు. అది వేరే సంగతి.

ఇవన్నీ ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు. వీడియోల్లో నాకు ఇప్పటిదాకా దొరకనిది ఒకటుంది. అది కళ్ళ గీత.

మా వైపు ఫ్లెక్సీ అంటే తలకాయలు. పుట్టినరోజుకైనా, పండుగకైనా, చావుకైనా తలకాయలే. ఎవరి తల ఎంత పెద్దదో దానికొక లెక్క ఉంది, ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. పెద్ద నాయకుడిది పెద్ద తల, అతని కింద వాళ్ళది కొంచెం చిన్నది, ఫ్లెక్సీ వేయించిన కుర్రాళ్ళవి అడుగున చింతగింజలంత. వచ్చిన ఫొటోలు ఒకటి పెళ్ళిలో తీసింది, ఒకటి పొలంలో, ఒకటి పాస్‌పోర్టు సైజు. అందరినీ ఒక వరుసలో పెడితే ఒకడు గెంతుతున్నట్టు, ఒకడు గోతిలో నిలబడ్డట్టు ఉంటుంది.

అక్క కంట్రోల్ ఆర్ కొట్టి తెర అంచున స్కేలు తెప్పించేది. పై స్కేలు మీద మౌస్ నొక్కి కిందికి లాగితే ఒక నీలం గీత వస్తుంది. ఆ వరుసలో ఉన్న ప్రతి మనిషి కనుపాపలనూ తెచ్చి ఆ గీత మీద పెట్టేది. ఇంకో గీత లాగి గదువల కింద, అంటే గడ్డాల కింద, పెట్టేది. ఒక్కొక్క ఫొటోనూ మూల పట్టి పెంచుతూ తగ్గిస్తూ, కళ్ళు పై గీతకు, గదువ కింది గీతకు తగిలేదాకా జరిపేది.

“జుట్టు చూసి కొలువకు. ఒగనికి జుట్టుంటది, ఒగనికి బట్టతల, ఒగడు రుమాలు కట్టుకుంటడు. కండ్ల కాడికెళ్ళి గదువ దాక కొలువు. గాడ ఎవడు మోసం చెయ్యలేడు.”

“ఈ నీలం గీత ప్రింట్ల పడదు గదక్కా?”

“పడదు. గని గీసినవా లేదా, చూసేటోని కంటికి తెలుస్తది.”

వరుసలు మూడు కావాలంటే మూడు పెట్టేది. పెద్దల వరుస పెద్దగా, చిన్నవాళ్ళది చిన్నగా. ఆ లెక్కతో ఆమెకు పేచీ లేదు, అదే మా తిండి. ఒక వరుసలోకి వచ్చినవాళ్ళ కళ్ళు మాత్రం ఒక్క గీత మీద ఉండాల్సిందే. ఆ ఒక్క విషయంలో సేటు మాట కూడా వినేది కాదు.

తెలంగాణ వచ్చాక జరిగిన సర్పంచ్ ఎన్నికలప్పుడు దగ్గరి ఊరు ఒకటి దళిత మహిళకు రిజర్వయింది. గెలిచినామె కూలికి పోయే మనిషి. ఆమె భర్త ఆ ఊరి పాత సర్పంచ్ దగ్గర ట్రాక్టర్ నడిపేవాడు. ప్రమాణ స్వీకారానికి ఫ్లెక్సీ కావాలని పాత సర్పంచ్ తమ్ముడు వచ్చాడు. అతనే కొత్త ఉపసర్పంచ్. వెంట ఇద్దరు మనుషులు. వాళ్ళ వెనక, గడప బయట, ఆమె నిలబడింది.

ఉపసర్పంచ్ ఏది ఎక్కడ ఉండాలో చెప్పాడు. నడుమ వాళ్ళన్న, పక్కన తను, ఇటు మండలం నాయకుడు. “సర్పంచ్‌ది కింద మూలకు వెయ్యి మేడం. ఫొటో ఆధార్ కార్డు మీదున్నది, గదే కొట్టు.”

“ఆధార్ ఫొటో పెద్దగ చేస్తె గళ్ళు గళ్ళైతది” అన్నది అక్క.

“పెద్దగెందుకు? చిన్నగనే వెయ్యి.”

అక్క ఎవరి కోసమూ కుర్చీలోంచి లేవదు. ఆ రోజు లేచింది. మౌస్ మీద రుమాలు కప్పి, ఫోన్ తీసుకుని బయటికి పోయి, ఆమెను షట్టర్ పక్కన నీడలో నిలబెట్టింది. ఎండలో తీస్తే కళ్ళ కింద నల్లటి నీడలు పడతాయి. నీడలో నిలబెట్టి మొహం వెలుతురు వైపు తిప్పితే చాలు, తర్వాత ఏమీ దిద్దక్కర్లేదు. అది కూడా అక్క నేర్పిందే. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. ఆమె కొంగు నిండా కప్పుకుని నేల వైపు చూస్తోంది.

“కింద ఏం పోగొట్టుకున్నవు? నా దిక్కు చూడు.”

ఆమె చూసింది. ఫోన్ ఎత్తేసరికి మళ్ళీ చూపు కిందికి పోయింది.

“ఓట్లు ఎవలకేసిండ్రమ్మా ఊరోళ్ళు?”

“నాకే.”

“మరి గదువ లేపు.”

చాలాసేపు పట్టింది. అక్క విసుక్కుంటూనే ఉంది, తీస్తూనే ఉంది. చివరికి ఒక దాంట్లో ఆమె నేరుగా చూసింది. నవ్వలేదు, బెదరలేదు. ఎదుటివాడు చెప్పేది వింటున్నట్టు చూసింది. అక్క ఆ ఫొటోను నాకు చూపించి లోపలికి నడిచింది. ఆమె తప్పు పట్టని ఫొటో నేను చూడటం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం అక్క ఒకే వరుస వేసింది. నీలం గీత గీసింది. పాత సర్పంచ్, అతని తమ్ముడు, మండలం నాయకుడు, వాళ్ళ నడుమ ఆమె. అందరి కళ్ళూ ఒక్క గీత మీద, అందరి గదువలూ ఒక్క గీత మీద. బొమ్మను అగ్గిపెట్టె అంత చేసి చూసింది. అంత చిన్నగా ఉన్నా నాలుగు మొహాలూ తెలుస్తున్నాయి.

నాకు భయం వేసింది. “ఒప్పుకుంటరా అక్కా?”

“వాట్సాప్‌ల పంపు, చూడు తమాష. ఒక్కడు గూడ ఫ్లెక్సీ చూడడు. ప్రతోడు ఆని మొకమే చూసుకుంటడు.”

పంపాను. కాసేపటికి జవాబులు వచ్చాయి. ఒకాయన మీసం ఇంకా నల్లగా చెయ్యమన్నాడు. ఇంకొకాయన కండువా రంగు ముదురు చెయ్యమన్నాడు. పాత సర్పంచ్ బొటనవేలు బొమ్మ పంపాడు. ఫోన్ తెర మీద వేళ్ళతో పెద్దగా చేసుకుని ఎవరి ముక్కు వాళ్ళు చూసుకున్నారు, పక్కన ఎవరున్నారో చూసుకోలేదు. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. మీసం నల్లగా చేసి, ప్రింటుకు ఇచ్చేసింది.

మర్నాడు పొద్దున ఊరి మొదట్లో కట్టారు. పొద్దెక్కకముందే దించారు. పెద్ద సైజులో, పైకి తలెత్తి చూస్తే గానీ వాళ్ళకు కనబడలేదు, తమ ట్రాక్టర్ డ్రైవర్ భార్య తమ భుజం పక్కన, తమంతే ఉందని.

మధ్యాహ్నానికి దుకాణం ముందు జీపు ఆగింది. పాత సర్పంచ్ అరవలేదు. కుర్చీ వేయించుకుని కూర్చుని, చాయ్ తాగి, “మీ మేడంకు చూపు మందగించినట్టున్నది” అన్నాడు సేటుతో.

సేటు లేచి నిలబడ్డాడు. “మిస్టేక్ అయిందని చెప్పమ్మా” అన్నాడు.

“మిస్టేక్ గాదు” అన్నది అక్క. “సర్పంచ్ ఎవలు? గామె. గామె ఫ్లెక్సీల గామె కండ్లు ఎవని కాళ్ళ కాడ పెట్టాలె?”

పాత సర్పంచ్ ఆమె వైపు చూడలేదు. జీపులో కూర్చోబెట్టి తెచ్చిన కొత్త సర్పంచ్‌ను లోపలికి పిలిపించాడు. “నువ్వే చెప్పు. నీ ఫ్లెక్సీ, నీ ఇష్టం” అన్నాడు.

ఆమె నేల వైపు చూసింది. “నాది చిన్నగ చెయ్యక్కా” అన్నది.

అక్క ఆమె మొహంలోకి చూసింది. నిన్న నీడలో నిలబెట్టి లేపిన గదువ అది. ఆ తర్వాత మౌస్ పక్కనున్న చేతిరుమాలు తీసి, మడిచి, సంచిలో పెట్టుకుంది. సేటు ‘రేపటి నుంచి రాకు’ అనేలోపే మెట్లు దిగిపోయింది.

సేటు ఆ సీటులో కూర్చున్నాడు. ఆమె ఫొటోను పట్టుకుని కింది మూలకు లాగి, అక్కడ ఉన్న సందులో ఇరికించడానికి పక్కలు పట్టి నొక్కాడు. మొహం సన్నగా, పొడుగ్గా, బెండకాయలా తయారైంది. ‘ఇప్పుడు బాగున్నది’ అన్నారు వాళ్ళు. ఎవరి మొహం వాళ్ళు చూసుకున్నారు.

ఆ పట్టణంలో ఇంకే దుకాణమూ అక్కకు సీటు ఇవ్వలేదు. ‘కులం పిచ్చి ఉన్న మనిషి’ అన్నారు. ‘వాళ్ళ కులపామెను పైకి లేపింది’ అన్నారు. నేను రైతుల ఇంటి పిల్లను. అదే గీత నేను గీసి ఉంటే ‘పొరపాటు చేసింది, చిన్నపిల్ల’ అని వదిలేసేవాళ్ళు. ఆమె గీసింది కాబట్టి అది కులం అయింది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు నూరాలనిపిస్తుంది. తలకాయల సైజులు కులం చూసి కొలిచేవాళ్ళకు లేని పిచ్చి, ఒకే కొలత పెట్టిన మనిషికి ఉందట.

ఆ ఏడాదే నేను నల్లగొండలో సొంతంగా చిన్న దుకాణం పెట్టుకున్నాను. రమ్మని ఫోన్ చేశాను. “నీది గూడ మూయిద్దమనుకుంటున్నవా” అని పెట్టేసింది. మహబూబ్‌నగర్ పోయి ఒక జిరాక్స్ సెంటర్‌లో చేరిందని తర్వాత విన్నాను.

అక్కడికి ఒకసారి పోయాను, నా పెళ్ళి కార్డు ఇవ్వడానికి. బస్టాండు దగ్గర ఇరుకు సందులో జిరాక్స్ మిషన్, లామినేషన్ మిషన్, మూలన పాత కంప్యూటర్. మౌస్ మీద అదే రుమాలు. జుట్టు నెరిసింది, సోంపు డబ్బా లేదు. దరఖాస్తులు టైపు చేస్తుంది, పాస్‌పోర్టు ఫొటోలు తీస్తుంది, అంతే. సూర్యాపేట దాకా పేరున్న చెయ్యి, ఫొటో వెనక నీలం రంగు పరదా నింపడానికి కూర్చుంది. ఆమెకు చాయ్ తాగే తీరిక లేదు, వరుసలో జనం ఉన్నారు.

ఒక కుర్రవాడి ఫొటో తీసి తెర మీదికి తెచ్చింది. కంట్రోల్ ఆర్ కొట్టింది. నీలం గీత లాగి అతని కళ్ళను దాని మీద పెట్టింది.

“ఒక్క మొకానికి గీతెందుకక్కా?”

“పక్కన ఎవడు లేకున్నా ఆని కండ్లు ఆని జాగల ఉండాలె.”

పెళ్ళి కార్డు చూసి, ‘ఈ బంగారు రంగు ఎవడు పెట్టిండు, అక్షరం కనబడతలేదు’ అన్నది. అది నేను పెట్టిన రంగే. ఆ తర్వాత, నేనేమీ అడగకుండానే, కత్తెరతో ఫొటోలు కత్తిరిస్తూ అన్నది.

“గా దొరల మీద నాకు కోపం లేదు పిల్లా. ఆళ్ళు గంతే. గామె మీదనే. నేను లేపిన మొకాన్ని గామెనే దించుకున్నది. ‘నాది చిన్నగ చెయ్యక్కా’ అన్నది. ఇన్నవు గద నువ్వు?”

“పాపం, ఏం చేస్తదక్కా ఆమె మాత్రం...”

“పాపం అనకు. పాపం అన్నవంటె ఇంక చిన్నగైతది మనిషి.”

ఆ పూట అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నది. బస్సు దాకా సాగనంపుతూ కూడా అన్నది. ఉద్యోగం పోయినందుకు కాదు, ఊరు వదిలినందుకు కాదు. తను చేసిన పనిని, ఎవరి కోసం చేసిందో ఆ మనిషే వద్దన్నది. అక్కను లోపల తిన్నది అదే. బస్సు కదిలినాక వెనక్కి చూస్తే అప్పటికే సందులోకి తిరిగి పోతోంది.

అదే ఆఖరి చూపు. తర్వాత ఒంట్లో బాగోలేక తమ్ముడు నార్కట్‌పల్లికి తెచ్చుకున్నాడని, దవాఖానలో ఉండి ఉండి ఇంటికి వచ్చాక పోయిందని, ఆ రోజు బస్సు దిగి వాళ్ళింటికి పోయాకే నాకు తెలిసింది. ఇంటి ముందు చిన్న టెంటు వేశారు. జ్ఞాపకార్థ కూడిక అప్పుడే ముగిసింది, పాస్టర్ గారు బైబిల్ మూసి లేస్తున్నారు.

“ఫ్లెక్సీ ఎవలు వేయించిండ్రు తమ్మీ?” అన్నాను ఆమె తమ్ముడితో.

“మండలం లీడర్లే కట్టిచ్చిండ్రు. మమ్ముల అడగలే. ఫొటో గూడ ఆళ్ళే ఏడనో పట్టిండ్రు” అన్నాడు.

గడప పక్కన ఒకామె కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. “నువ్వు ఆ దుకాణంల పక్క కుర్చీల కూసుండే పిల్లవు గదా” అన్నది. మెల్లగా గుర్తుపట్టాను. ఆ సర్పంచే. పదవి ఎప్పుడో అయిపోయింది. అరచేతులు మళ్ళీ కూలి చేతులయ్యాయి.

“మీకెట్ల తెలిసింది?” అన్నాను. నా గొంతులో మంచితనం లేదు. అక్క తరఫున మిగిలిన కోపమంతా నా దగ్గరే ఉంది.

“చౌరస్తల ఫ్లెక్సీ చూసిన. నాకు చదువస్తదా ఏమన్ననా. మొకం గుర్తువడలే, గని కండ్లు గామెయే. గట్ల గుచ్చి చూసేటోళ్ళు ఇంకెవలున్నరు.”

ఆమె కొంగు సర్దుకుని, “జర మా ఊరికొస్తవా బిడ్డా? ఒకటి చూపెట్టాలె” అన్నది.

పోవాలని లేదు. పోయాను. ఆటోలో దారి పొడుగునా ఆమె బయటికే చూస్తూ కూర్చుంది. ఊరి చివర, దళితవాడలో, రెండు గదుల ఇల్లు. ఇంటి వెనక మేకల కొట్టం. కర్రలు పాతి, పైన పాత ఫ్లెక్సీ కప్పి, బరువుకు రాళ్ళు కట్టారు. మా ఊళ్ళల్లో ప్రతి ఇంట్లో ఉండేదే, నాయకుల ఫ్లెక్సీలన్నీ చివరికి వడ్ల మీద కప్పడానికో కొట్టాల మీదికో వస్తాయి. బయటినుంచి తెల్లటి వెనక వైపు మాత్రమే కనబడుతోంది. ఆమె వంగి లోపలికి పోయి నన్ను రమ్మన్నది.

లోపల తలెత్తి చూశాను. మా తలల మీద, ఒకే వరుసలో, ఆ నాలుగు మొహాలు. మీసం నల్లగానే ఉంది, కండువా ముదురుగానే ఉంది. వాళ్ళ నడుమ ఆమె, అంతే పెద్దగా, నేరుగా చూస్తూ. ఒక్క చోట కూడా రంగు పోలేదు. నా కళ్ళకు నీలం గీత కూడా కనబడింది.

“దించినంక మా ఇంటాయనకిచ్చి కాల్చుమన్నరు” అన్నది. “కాల్చినమని చెప్పినం. నేను ఆనాడు చిన్నగ చెయ్యమనకుంటె ఆయన ట్రాక్టర్ మీదికెళ్ళి దిగుడే. పిల్లలు చిన్నోళ్ళు. గందుకన్న. గని దీన్ని కాల్చుటానికి చెయ్యి రాలే. బొమ్మ లోపటికి పెట్టినం. ఎవలకు కనవడదు, ఎండకు రంగు పోదు.”

మహబూబ్‌నగర్ సందులో కూర్చుని అక్క ఇన్నేళ్ళూ ‘గామెనే దించుకున్నది’ అనుకుంటూ పోయింది. ఇక్కడ ఈమె రోజూ పొద్దున మేకలను విప్పడానికి వచ్చి తలెత్తి తన మొహం చూసుకుంది.

“ఆమెకెందుకు చెప్పలేదమ్మా?” అన్నాను. “ఒక్క మాట చెప్తె...”

“దుకాణానికి పోయిన. లేదన్నరు, ఏడికి వోయిందో చెప్పలే. మొన్న దవాఖాన నుంచి తమ్ముని ఇంటికి తెచ్చిండ్రని తెలిసింది. పోయి తోలుకొచ్చి చూపెట్టాలనుకున్న.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “గంత చదువుకున్న మనిషిని మేకల కొట్టంల ఎట్ల నిలబెట్టాలని సిగ్గువడ్డ. కొట్టం జర మంచిగ చేసినంక పిలుద్దమనుకున్న.”

పిలిస్తే అక్క లేవలేని ఒంటితో అయినా వచ్చేదని నాకు తెలుసు. వచ్చి, మేకలను అవతలికి తోసి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూసేది. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. కొట్టం బాగానే ఉందమ్మా అన్నాను.